పది రౌండ్లు

రత్తయ్య మాస్టారు విజిల్ ఊదితే గ్రౌండులో కాకులు కూడా లేచి ఒక రౌండు కొట్టి వస్తాయని జగ్గయ్యపేట ఆడపిల్లల హైస్కూల్లో అందరూ చెప్పుకుంటారు. ఇందులో అబద్ధం కొంచెమే. ఆ బుధవారం పొద్దున ఆరున్నరకు ఆయన విజిల్ ఊదగానే వాలీబాల్ పిల్లలు పన్నెండు మందీ గ్రౌండు చుట్టూ పరుగు అందుకున్నారు. ఆయన స్టేజీ మెట్టు మీద కూచుని వేళ్ళు మడుస్తూ రౌండ్లు లెక్కపెట్టాడు. పది రౌండ్లు. అవయ్యాక నేల మీద కూచుని, కాళ్ళు చాపి, బొటనవేళ్ళు పట్టుకుని, ఆయన అరవై అంకెలు లెక్కపెట్టేదాకా వంగి ఉండాలి. అప్పుడు గాని బంతి ముట్టుకోనివ్వడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పద్ధతి. వచ్చే జూన్‌లో రిటైరయ్యేదాకా కూడా ఇదేనని ఆయన నమ్మకం.

అయితే ఆ రోజు బంతితో పని లేదు. శనివారం నందిగామలో జిల్లా జట్టుకు సెలక్షన్లు. ఆట కిందటి వారమే చూసేశారు. మిగిలింది జంపు ఒక్కటే. గోడ మీద రెండు మీటర్ల నలభై ఎత్తున గీత గీస్తారు. నిలబడ్డచోటు నుంచి ఎగిరి దాన్ని వేళ్ళతో అందుకోవాలి. మూడు ఛాన్సులు. అందుకోలేకపోతే ఆట ఎంత బాగున్నా లిస్టులో పేరుండదు. మాస్టారు మధ్యాహ్న భోజనం వండే గది గోడ మీద అదే ఎత్తున గీత గీసి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచాడు. సుద్దపొడిలో వేళ్ళు ముంచి ఎగిరితే ఎందాకా అందిందో గోడే చెబుతుంది.

బట్టల కొట్టు లక్ష్మీకాంత్ గారమ్మాయి చందన తాటిచెట్టంత మనిషి. అది ఎగిరిందో లేదో ఎవరికీ తెలియలేదు గాని గీత మీద సుద్ద పడింది. తర్వాత జాయిస్ వచ్చింది. చిల్లకల్లు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే పదో తరగతి పిల్ల. జట్టులో అందరికన్నా పొట్టి, అందరికన్నా గట్టిగా కొట్టేదీ ఆ పిల్లే. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మూడుసార్లు ఎగిరింది. మూడుసార్లూ సుద్ద గీతకు మూడు వేళ్ళ కిందే పడింది.

"ఇంకా లేవాలమ్మా," అన్నాడు మాస్టారు.

"నేను లేస్తన్నా సార్. కాళ్ళే లేవట్లా," అంది జాయిస్ రొప్పుతూ.

ఈ మాటకు నవ్వనిది ఒక్క దేవిశ్రీ. విజయవాడ కాలేజీ నుంచి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన ట్రైనీ. వచ్చి పది రోజులైంది. మెడలో విజిల్, చేతిలో టేపు, ముఖంలో వినయం. పది రోజులుగా మాస్టారు చెప్పిందల్లా రాసుకుంటూ ఉంది. ఆ పూట మాత్రం నోట్‌బుక్కు మూసింది.

"సార్, ఒక మాట చెప్పనా అండి. రౌండ్లు లేకుండా దూకిస్తే ఎట్లా ఉంటదో చూద్దామండి."

"భోజనం చెయ్యకుండా చెయ్యి కడుక్కున్నట్టుంటది."

"ఊరికే కాదండి. రెండు నిమిషాలు మెల్లగా పరుగు. తర్వాత చిన్న చిన్న గెంతులు, కూచుని లేచే ఎగుళ్ళు, మెట్టు మీంచి దిగీ దిగగానే పైకి లేవడం. మూడు నిమిషాలు ఆగి అప్పుడు గోడ దగ్గరికి. ప్లయోమెట్రిక్స్ అంటారు సార్."

"కప్పగంతులు అంటారు మా ఊళ్ళో."

"అయ్యే అనుకోండి. కాళ్ళని అలవగొట్టకుండా నిద్ర లేపుతయ్యండి. ఇప్పుడు మనం పది రౌండ్లు తిప్పి, నిమిషంసేపు సాగదీసి, అప్పుడు లెగమంటన్నాం."

మాస్టారికి ఎక్కడో చురుక్కుమంది. 'మనం' అని ఆ పిల్ల మర్యాదకు అన్నదనీ, అది తననేననీ ఆయనకు అర్థమైంది. "ఏమ్మా, ముప్పై ఏళ్ళ నుంచి నేను పిల్లల్ని నిద్రపుచ్చుతున్నానా?" అన్నాడు.

దేవిశ్రీ తల అడ్డంగా ఊపింది గాని వెనక్కి తగ్గలేదు. "రెండు రోజులు ఇవ్వండి సార్. రేపు ఆరుగురు మీ పద్ధతి, ఆరుగురు నా పద్ధతి. ఎల్లుండి అటువాళ్ళు ఇటు. కొలత మీరే తీయండి. నేను టేపు కూడా ముట్టుకోను."

మాస్టారు ఒప్పుకున్నాడు. ఓడించడానికే ఒప్పుకున్నాడు. చిన్నపిల్ల సరదా పడుతుంటే కాదనడం ఎందుకని పైకి అన్నాడు.

గురువారం చీట్లు తీశారు. జాయిస్‌కు మాస్టారి పక్షం పడింది. ఆరుగురు గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే మిగతా ఆరుగురు వంటగది ముందు గెంతుతున్నారు. మాస్టారు రౌండ్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ అటే చూశాడు. చేతులు నడుం మీద పెట్టుకుని, మోకాళ్ళు పెద్దగా వంచకుండా, మడమ ఆననివ్వకుండా టకటకా పది గెంతులు. కాసేపు ఆగడం. కుర్చీలో కూచున్నట్టు వంగి, చేతులు విసురుతూ నిలువునా ఐదు ఎగుళ్ళు. మళ్ళీ ఆగడం. రెండిటుకల మీద పరిచిన నాపరాయి ఎక్కి, దాని మీంచి దిగి, పాదం నేలకు తగిలీ తగలగానే పైకి లేవడం.

"నేల పెనంలా కాలతన్నదనుకోండి," అంటోంది దేవిశ్రీ. "అడుగు ఆనగానే తీసెయ్యాలి. ఉంటే కాలుద్ది. ఇదేంటి రమ్యా, నువ్వు అక్కడే కాపురం పెట్టావు."

పిల్లలు కిలకిలా నవ్వుతున్నారు. తన దగ్గర రౌండ్లు కొట్టేటప్పుడు ఎవరూ నవ్వినట్టు మాస్టారికి గుర్తులేదు. నవ్వడానికి ఊపిరేదీ?

కొలిచేటప్పుడు ఆయన వంటమనిషి దగ్గర స్టూలు అడిగి తెచ్చుకుని, ఎక్కి, కళ్ళజోడు సర్దుకుని సుద్ద మరకలు స్వయంగా చూశాడు. రిజిస్టరు వెనక పేజీలో రాశాడు. గెంతిన ఆరుగురికీ నిన్నటికన్నా పెరిగింది. ఒకరికి రెండు సెంటీమీటర్లు, ఒకరికి మూడు, ఒకరికి ఏకంగా నాలుగు. పరిగెత్తిన ఆరుగురివీ నిన్న ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. జాయిస్ మరక గీతకు అవే మూడు వేళ్ళ కింద.

"వాళ్ళు పరిగెత్తలేదుగా. అలిసిపోలేదు, అందుకే లేచారు," అన్నాడు మాస్టారు స్టూలు మీంచే.

అనేశాక ఆ మాట ఆయన చెవికే వినిపించింది. దేవిశ్రీ కింద నిలబడి చేతికంటిన సుద్ద మెల్లగా దులుపుకుంటోంది. మాస్టారు స్టూలు దిగి, చల్లటి నీళ్ళు తాగి, ఎండ ఎక్కువైందని చెప్పి స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయాడు. అప్పటికి టైము ఎనిమిది కాలేదు, పైగా నవంబరు నెల.

ఆయన బయటికొచ్చేసరికి గేటు దగ్గర జాయిస్ వాళ్ళమ్మ బేబి నిలబడి ఉంది. పత్తి తీయడానికి పోతూ మధ్యలో ఆగినట్టుంది, నడుముకు సంచి కట్టుకునే ఉంది. రోడ్డు మీద ట్రాలీ ఆటోలో మిగతా ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"సార్, శనివారం మా అమ్మాయికి పేరొస్తదా సార్?"

"ఎందుకమ్మా అట్లా అడుగుతున్నావు?"

"వాళ్ళ నాన్న ఈసారికే ఒప్పుకున్నాడు సార్. పేరొస్తే ఆడుకోనిస్తా, రాకపోతే బంతి పక్కనబెట్టి టెన్తు చదువుకోమన్నాడు. మా ఆయన ఏలీయా మాటంటే మాటే సార్. అది అన్నం తినట్లా, గోడల వంక చూస్తా కూర్చుంటంది. ఇంట్లో గోడ మీద కూడా గీత గీసింది. మొన్నే సున్నం ఏపిచ్చాం సార్."

"పంపించమ్మా, చూద్దాం," అన్నాడు మాస్టారు. ఆటోలోంచి ఎవరో కేకేస్తే బేబి పరిగెత్తింది. నడుముకు సంచి ఉన్నా ట్రాలీ అంచు మీదికి ఒక్క ఎగురున ఎక్కేసింది. ఆ పిల్లకు ఎగరడం ఎక్కడ నుంచి వచ్చిందో మాస్టారికి అర్థమైంది.

శుక్రవారం పక్షాలు మారాయి. జాయిస్ గెంతింది. పది, పది, ఐదు, ఐదు. నాపరాయి మీంచి దిగి లేచేటప్పుడు ఆ పిల్ల పాదాల చప్పుడు కూడా వినపడలేదు. మూడు నిమిషాలు అటూ ఇటూ నడిచింది. సుద్దపొడిలో వేళ్ళు ముంచి, గోడ పక్కన నిలబడి, మోకాళ్ళు వంచింది. ఎగిరింది.

మాస్టారు స్టూలు ఎక్కాడు. గీత మీద నాలుగు వేళ్ళ అచ్చు తెల్లగా ఉంది. టేపు పెట్టి చూశాడు. తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. రెండు నలభై ఒకటి.

"ఎంత సార్?" అంది జాయిస్ కింద నుంచి.

"అందింది," అన్నాడాయన.

పిల్లలందరూ జాయిస్ మీద పడి దాన్ని ఎత్తుకోబోయి అందరూ కలిసి కింద పడ్డారు. మాస్టారు ఆ గోలలోంచి తప్పుకుని రిజిస్టరు పట్టుకుని స్టేజీ మెట్టు మీద కూచున్నాడు. రెండు రోజుల అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. పన్నెండు మందిలో పదకొండు మందికి గెంతిన రోజే ఎక్కువ. మిగిలిన ఒక్కటీ చందన. గెంతిన రోజు అది పొద్దున్నే ఆరిడ్లీలు తిని వచ్చానని ఒప్పుకుంది.

ఆయనకు సిగ్గేసింది. దాచుకోలేనంత సిగ్గు. ఏటా పది పన్నెండు మంది పిల్లలు, ముప్పై ఒక్క ఏళ్ళు. వేలు తక్కువైందని, అర అంగుళం తక్కువైందని ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఆయన చెప్పిన మాట ఒక్కటే: ఇంకా కష్టపడాలి. వాళ్ళు పడ్డారు. కష్టపడి, అలిసిపోయి, ఆ అలసటతోనే గోడ దగ్గరికి వెళ్ళారు.

దేవిశ్రీ వచ్చి ఒక మెట్టు కింద కూచుంది. గెలిచానన్న పొగరు ఆ పిల్ల ముఖంలో వెతికినా కనపడలేదు. అదే ఆయనకు ఇంకా కష్టంగా ఉంది.

"రేపు ఎట్లా సార్?"

"ఏముంది. టెస్టుకు ముందు ఎక్కడో ఓ పక్కన గెంతించెయ్. ఎవరికీ చెప్పక్కర్లా," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటి వెనక, నీళ్ళ ట్యాంకు చాటున, మాస్టారు చేతులు నడుం మీద పెట్టుకుని ఐదు గెంతులు గెంతి చూశాడు. ఆరోదానికి లుంగీ జారింది. బట్టలు తీయడానికి వచ్చిన ఆయన భార్య పుష్పవతి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటండీ, చీమలు కుట్టినయ్యా?"

"వార్మప్పు," అన్నాడాయన.

"అరవై దాటినాక ఇంక దేనికండీ వార్మప్పు," అని ఆమె బట్టలు తీసుకుని లోపలికెళ్ళింది. ఆయన లుంగీ బిగించుకుని ఇంకో ఐదు గెంతాడు. పిక్కల్లో ఏదో చిటపటలాడింది. బాగానే ఉంది.

శనివారం బస్సులో ఆడపిల్లలందరికీ ఫ్రీ, దేవిశ్రీకి కూడా. టికెట్టు కొన్నది మాస్టారొక్కడే. "మీకు కూడా జీరో టికెట్టు ఇయ్యమని అడగండి సార్," అని చందన ఏడిపిస్తే కండక్టరు కూడా నవ్వాడు. జాయిస్ మాత్రం కిటికీ పక్కన కూచుని హైవే మీద సిమెంటు లారీల్ని చూస్తూ ఉంది.

గ్రౌండులో షామియానా వేశారు. చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి నలభై మంది దాకా పిల్లలు వచ్చారు. సెలక్షన్ల ఇన్‌చార్జి స్తెఫను దూరం నుంచే మాస్టారిని చూసి పరిగెత్తుకుంటూ వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. మాస్టారు మగపిల్లల స్కూల్లో పనిచేసిన రోజుల్లో ఆయన దగ్గర వాలీబాల్ ఆడినవాడు. ఇప్పుడు తనూ పీఈటీ, జుట్టు పలచబడింది. మాస్టారిని తీసుకెళ్ళి షామియానా కింద మొదటి కుర్చీలో కూచోబెట్టాడు. మంచినీళ్ళ సీసా ఇప్పించాడు. మైకు తీసుకున్నాడు.

"పిల్లలూ, ఇక్కడ కూర్చున్నది మా గురువుగారు రత్తయ్య మాస్టారు. నాకు ఆట నేర్పింది ఈయనే, క్రమశిక్షణ నేర్పిందీ ఈయనే. ఆయన పద్ధతి ప్రకారమే ముందు అందరూ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. తర్వాత స్ట్రెచింగు. తర్వాత జంపు. ఊఁ, మొదలెట్టండి."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు తాగబోతున్న సీసాకు మూత పెట్టేశాడు.

నలభై మందీ కదిలారు. జాయిస్ ఒక్కసారి వెనక్కి తిరిగి ఆయన వంక చూసి, గుంపుతో పాటు పరుగు మొదలుపెట్టింది. పక్కన దేవిశ్రీ సన్నగా, "సార్," అంది. శిష్యుడు పదిమంది ముందు కుర్చీ వేసి గౌరవిస్తుంటే, లేచి ఆ గౌరవం తప్పని చెప్పడం ఎట్లా? పైగా స్తెఫనుకు చిన్నతనం. ఒక రౌండు అయింది. పిల్లలు షామియానా ముందు నుంచి పోతుంటే దుమ్ము లేచింది. జాయిస్ ఈసారి ఆయన వంక చూడలేదు. చూడకపోవడమే ఆయన తట్టుకోలేకపోయాడు.

రెండో రౌండు సగంలో ఉండగా మాస్టారు కుర్చీలోంచి లేచి గ్రౌండులోకి నడిచి, వస్తున్న పిల్లలకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. విజిల్ ఊదాడు. నలభై మందీ ఒకరి మీద ఒకరు పడుతూ ఆగారు.

స్తెఫను మైకు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది మాస్టారూ, ఎవరికన్నా దెబ్బ తగిలిందా?"

"ఇది ఆపించు స్తెఫనూ. ఇది తప్పు."

"అదేంటండి. మీరు నేర్పిందేగా."

"తప్పు నేర్పా."

మైకు ఆన్‌లో ఉంది. ఆ రెండు మాటలూ నందిగామ గ్రౌండంతా వినపడ్డాయి. షామియానా కింద మిగతా పీఈటీలు మెడలు చాచారు. స్తెఫను కంగారుగా మైకు కట్టేయబోతే మాస్టారు వద్దన్నాడు.

"ఉండనీ, అందర్నీ విననీ. ఎగరాల్సిన పిల్లల్ని ముందే అలవగొట్టి పంపిస్తున్నాం రా. రెండు రోజులు నేనే స్టూలెక్కి కొలిచా. ఇదిగో." జేబులోంచి రిజిస్టరు పేజీ తీసి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని పొద్దున చింపుకొచ్చిన పేజీ. "పన్నెండు మందిలో పదకొండు మందికి రౌండ్ల వల్ల తగ్గింది. ఇంక ఎనిమిది రౌండ్లు తిప్పితే ఈ నలభై మందికీ తగ్గుద్ది. ఎవరు ఎగరగలరో తెలీదు, ఎవరు అలవలేదో తెలుస్తది. అంతే."

స్తెఫను ఆ అంకెల్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. చాలాసేపే పట్టింది. "మరేం చేయమంటారు మాస్టారూ?" అన్నాడు చివరికి.

"పావుగంట కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించు. తర్వాత ఈ అమ్మాయి చెబుద్ది."

పావుగంట తర్వాత దేవిశ్రీ ముందుకొచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని గెంతి చూపించింది. వేరే స్కూళ్ళ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మూతులకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అంతమంది ముందు ఎవరు గెంతుతారు? జగ్గయ్యపేట పిల్లలకు కూడా సిగ్గు పట్టుకుంది. జాయిస్ కాళ్ళు కదలలేదు.

మాస్టారు చెప్పులు విడిచాడు. ప్యాంటు రెండు మడతలు పైకి మడిచాడు. దేవిశ్రీ పక్కన నిలబడి, పొట్ట కదులుతుంటే, జేబులో తాళంచెవులు గలగలమంటుంటే, టకటకా గెంతడం మొదలుపెట్టాడు. "పెనం. కింద పెనం అనుకోండి," అని అరుస్తూ గెంతాడు. ముందు చందన పగలబడి నవ్వింది. తర్వాత గ్రౌండంతా నవ్వింది. ఆ నవ్వులోనే నలభై మందీ గెంతసాగారు. షామియానా కింద లావుపాటి పీఈటీ ఒకాయన కుర్చీ పట్టుకుని తనూ రెండు వేసి చూశాడు.

జంపులు మొదలయ్యాయి. జాయిస్ వంతు ఇరవై మూడోది. మొదటిసారి గోడకు మరీ దగ్గరగా ఎగిరి, వేళ్ళ కణుపులు గీసుకుపోయాయి. రెండోసారి సుద్ద గీతకు వేలెడు కింద పడింది. ఆ పిల్ల వెనక్కి వచ్చి నిలబడింది. గీసుకుపోయిన వేళ్ళు చొక్కాకు తుడుచుకుంది. దేవిశ్రీ ఏదో చెప్పబోతే మాస్టారు ఆపాడు. ఆయనే వెళ్ళాడు.

"కాళ్ళు లేస్తున్నాయా?"

"లేస్తన్నయ్ సార్."

"మరి వాటి పని వాటిని చేసుకోనీ. నువ్వు గోడ వంక చూడమాకు. ఒక రెండు గెంతులేసి, కాసేపాగి వెళ్ళు."

జాయిస్ రెండు గెంతులేసింది. ఆగింది. నిలబడి, చేతులు వెనక్కి విసిరి, మోకాళ్ళు వంచి లేచింది. గోడ మీద చప్పుడైంది.

స్తెఫను స్టూలు ఎక్కి టేపు పెట్టాడు. అంతసేపూ మాస్టారు నేల వంకే చూస్తూ ఉన్నాడు.

"రెండు నలభై ఒకటిన్నర," అన్నాడు స్తెఫను. దిగి లిస్టులో రాసుకున్నాడు. "పేరేంటమ్మా? జాయిసా? పొల్లు ఉందిగా చివర?"

జాయిస్ తల ఊపింది. అరవలేదు, గెంతలేదు. నేల మీద చతికిలబడి, సుద్ద చేతుల్తో ముఖం తుడుచుకుని, ముఖమంతా తెల్లగా చేసుకుని నవ్వింది. తర్వాత దేవిశ్రీని ఫోనడిగి వాళ్ళమ్మకు చేసింది. "అమ్మా, అందింది. ఆఁ, పేరు రాశారు. నాన్నకు నువ్వు చెప్పొద్దు, నేను చెబుతా." ఫోనులోంచి పత్తిచేలో ఆడవాళ్ళందరి కేకలూ దూరంగా నిలబడ్డ మాస్టారికి కూడా వినపడ్డాయి.

ఒంటిగంటకు భోజనాల విరామం ఇచ్చారు. పిల్లలు పులిహోర పొట్లాలు పట్టుకుని చెట్ల నీడకు పోయారు. స్తెఫను కుర్చీ లాక్కుని మాస్టారి పక్కన కూచున్నాడు. లిస్టు ఒళ్ళో పెట్టుకున్నాడు గాని దాని వంక చూడటం లేదు.

"మాస్టారూ, నేను స్టేట్ సెలక్షన్‌కి గుంటూరు పోయినప్పుడు, గుర్తుందా అండి?"

"ఉంది."

"రెండు వేళ్ళు తగ్గింది."

"తెలుసురా."

"ఆ పొద్దున స్టేడియం బయట మీరు నన్ను పది రౌండ్లు తిప్పారు."

మాస్టారు పులిహోర పొట్లం పక్కన పెట్టాడు. అబద్ధం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"పన్నెండు," అన్నాడు.

"ఏంటండి?"

"పది కాదు, పన్నెండు తిప్పా. నువ్వంటే నాకు బాగా ఇష్టంరా. మిగతావాళ్ళకన్నా నీకు మంచి జరగాలని ఇంకో రెండు ఎక్కువ తిప్పా."

స్తెఫను తల వంచుకున్నాడు. వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని మాస్టారు భయపడ్డాడు. నవ్వుతున్నాడు. ఆపుకోబోయి ఆపుకోలేక, ప్లాస్టిక్ కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. మాస్టారు కాసేపు బిగపట్టుకుని కూచుని, తర్వాత ఆయనా మొదలుపెట్టాడు. ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చెట్ల కింద పిల్లలు తినడం ఆపి, ఈ ఇద్దరు సార్లకీ ఏమైందోనని చూశారు.

"తినండి మాస్టారూ," అన్నాడు స్తెఫను కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా పదిహేడు మంది మిగిలారు. వాళ్ళని మళ్ళీ మీరే గెంతించాలి."